కిటికీ అద్దాలకు మ్యాట్ వినైల్ ఫిల్మ్: తడి పద్ధతిలో అతికించే విధానం

ఎదురెదురుగా అపార్ట్‌మెంట్లు లేచిన వీధుల్లో కర్టెన్ వేసి ఉంచితే పట్టపగలే లైటు వేసుకోవలసి వస్తుంది, తీసి ఉంచితే ఎదుటివారి బాల్కనీలోంచి మన పడకగది అంతా కనబడుతుంది. ఈ రెండింటికీ మధ్యేమార్గంగా చాలామంది కిటికీ అద్దాలకు మ్యాట్ వినైల్ ఫిల్మ్ అతికించుకుంటున్నారు. దుకాణంలో ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అని అడిగినా, సాండ్‌బ్లాస్ట్ స్టిక్కర్ అని అడిగినా సాధారణంగా దీన్నే ఇస్తారు. నోటుపుస్తకానికి లేబుల్ అంటించినట్టు పొడి అద్దం మీద నేరుగా అంటించబోతే, జిగురు ఎక్కడ తగిలితే అక్కడ పట్టేసుకుంటుంది. కదపడానికి వీలుండదు, లోపల గాలి బుడగలు మిగిలిపోతాయి. సబ్బు కలిపిన నీటిని అద్దం మీదా జిగురు మీదా చల్లి అతికించే తడి పద్ధతిలో ఈ చిక్కు ఉండదు. మధ్యలో నీటి పొర ఉన్నంతసేపు జిగురు అద్దాన్ని పట్టుకోలేదు కాబట్టి ఫిల్మ్‌ను అటూ ఇటూ జరిపి సరిచేసుకోవచ్చు. కుదిరిన తరువాత ఆ నీటిని అంచుల నుంచి బయటికి నెట్టివేస్తే అప్పుడు జిగురు తన పని మొదలుపెడుతుంది. పాడైన కిటికీల్ని పరిశీలిస్తే ఎక్కువ చోట్ల కారణం రెండింటిలో ఒకటిగా తేలుతుంది: అద్దం సరిగా శుభ్రపడకపోవడం, లేదా నీళ్ళు పూర్తిగా బయటికి రాకపోవడం. అందుకే ఇక్కడ ఆ రెండు విషయాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఈ ఫిల్మ్ ఏమి చేస్తుందో, ఏమి చేయదో తెలుసుకోవడం మంచిది. ఇది లోపలికి వచ్చే వెలుతురును నలుదిక్కులకూ చెదరగొడుతుంది. అందువల్ల గదిలో వెలుతురు పెద్దగా తగ్గకుండానే అవతలి రూపాలు చెదిరిపోతాయి. అద్దానికి దూరంగా ఉన్నవి ఏమీ తెలియవు గాని, అద్దాన్ని ఆనుకొని నిలబడిన మనిషి ఆకారం మాత్రం రాత్రి లోపల లైటు వెలుగుతున్నప్పుడు బయటికి నీడలా తెలుస్తుంది. స్నానాలగదిలో షవరు సరిగ్గా కిటికీ పక్కనే ఉంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఎండ వేడిని కూడా ఆపుతుందని అమ్మేవారు చెప్పవచ్చు. తెల్లని మ్యాట్ ఫిల్మ్ కళ్ళలో పడే ఎండ తీక్షణతను తగ్గిస్తుంది గాని, పడమటి గదిని చల్లబరచడానికి దాని మీద ఆధారపడకూడదు. ఆ పనికి వేరే సన్ కంట్రోల్ ఫిల్ములు ఉన్నాయి.

ఫిల్మ్ కొనడం, కొలతలు తీయడం

ఇళ్ళకు వాడే మ్యాట్ వినైల్ సాధారణంగా 80 నుంచి 100 మైక్రాన్ల మందంలో దొరుకుతుంది. మరీ పలుచని ఫిల్మ్ చేతిలోనే ముడతలు పడుతుంది కాబట్టి, మొదటిసారి చేసేవారు ఈ మందానికి తగ్గకుండా తీసుకోవడం మేలు. కొన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ మడతపెట్టి సంచిలో వేయించుకోకూడదు. వినైల్‌లో ఒకసారి గట్టిగా పడిన మడత అతికించాక కూడా గీతగా కనిపిస్తూనే ఉంటుంది. అట్టగొట్టానికి చుట్టించుకొని తెచ్చి, వాడే గదిలోనే ఒకరోజు ఉంచితే చుట్ట బిగువు కొంత సడలుతుంది.

జిగురు విషయంలో ఒక పరీక్ష తప్పనిసరి. కొన్ని ఫిల్ముల జిగురు పొరలో గాలి బయటికి పోవడానికి సన్నని కాలువలు ఉంటాయి. వెనుక కాగితాన్ని కొద్దిగా ఊడదీసి వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే గళ్ళగళ్ళుగా సన్నని గీతలు కనిపిస్తాయి. అవి పొడిగా అతికించడానికే చేసినవి. వాటికి తడి పద్ధతి వాడితే ఆ కాలువల్లో నీరు చేరి నిలిచిపోతుంది. నున్నటి జిగురు ఉన్న రకాన్నే ఈ పనికి ఎంచుకోవాలి. జిగురు అసలే లేకుండా, నీళ్ళు చల్లి నొక్కితే అద్దానికి అంటుకొని ఉండే స్టాటిక్ ఫిల్ములు కూడా ఉన్నాయి. ఖాళీ చేసేటప్పుడు గుర్తు మిగలకుండా తీసేయవచ్చు కాబట్టి అద్దె ఇళ్ళలో ఉండేవారికి అవి అనుకూలం, కాకపోతే అంచులు త్వరగా లేచిపోయే అవకాశం ఎక్కువ.

కొలత తీసేటప్పుడు అద్దం వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్లా, ఎత్తును కూడా అలాగే మూడు చోట్లా టేపుతో చూసి, వాటిలో పెద్ద సంఖ్యను తీసుకోవాలి. పాత చెక్క కిటికీల్లో ఈ మూడూ ఒకటిగా ఉండడం అరుదు. నాలుగు వైపులా ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున అదనంగా కలుపుకోవాలి. ఉదాహరణకు రెండు రెక్కల స్లైడింగ్ కిటికీలో ఒక్కో రెక్కకు కనబడే అద్దం 56 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. ఎత్తు ఉందనుకుందాం. అప్పుడు కోయవలసిన ముక్క 59 సెం.మీ. × 113 సెం.మీ. అవుతుంది. నాలుగడుగుల వెడల్పు రోల్ అంటే సుమారు 122 సెం.మీ.; రెండు ముక్కలూ పక్కపక్కన 118 సెం.మీ.లో సరిపోతాయి కాబట్టి నాలుగడుగుల పొడవు కొంటే కిటికీ మొత్తానికి చాలు. మూడడుగుల వెడల్పు రోల్ తీసుకుంటే అదే కిటికీకి రెట్టింపు పొడవు కొనవలసి వచ్చి, మూడో వంతు ముక్కలుగా పోతుంది. రెండు రెక్కల ముక్కలనూ రోల్‌లో ఒకే దిశలో కోసి, అద్దం మీద కూడా అదే దిశలో పెట్టాలి. ఒకటి తలకిందులైతే కొన్ని రకాల్లో వెలుతురు పడే తీరు పక్కపక్కన చూసినప్పుడు తేడాగా తెలుస్తుంది. చివర మిగిలే సన్నని పట్టీని పారేయకుండా ఉంచుకొంటే అసలు పనికి ముందు అద్దం మూల మీద ప్రయోగం చేసి చూసుకోవడానికి పనికి వస్తుంది.

ఏ అద్దానికి, ఏ వైపు

ఫిల్మ్ నున్నటి అద్దానికే పట్టుకుంటుంది. స్నానాలగది వెంటిలేటర్లలో తరచుగా వేసే గరుకు డిజైను అద్దానికి ఒక వైపు నున్నగా ఉంటే ఆ వైపు అతికించవచ్చు. గరుకు వైపు అతికిస్తే బొడిపెల మీద మాత్రమే అంటి, మిగిలిన చోట గాలి నిలుస్తుంది. అసలు ఆ అద్దం గుండా రూపాలు ఎలాగూ సరిగా కనిపించవు కాబట్టి దానికి ఫిల్మ్ అవసరమా అన్నది కూడా ఆలోచించాలి.

అతికించవలసింది గది లోపలి వైపే. బయటి వైపు ఎండా వానా వల్ల అంచులు త్వరగా లేస్తాయన్నది ఒక కారణం. అంతగా ఎవరూ చెప్పని మరో కారణం ఉంది. పైముఖం గరుకుగా ఉండే రకాల్లో ఆ గరుకు సందుల్లో నీరు నిండితే మసక తగ్గి, తడిసిన చోటల్లా కొంత పారదర్శకంగా మారుతుంది, ఆరాక మళ్ళీ మామూలవుతుంది. బయట అతికిస్తే జోరువాన కురిసినప్పుడల్లా చాటు పలుచబడుతుందన్న మాట. అతికించే సమయంలో పైన నీళ్ళు చల్లగానే ఫిల్మ్ పాడైనట్టు కనిపించడానికీ కారణం ఇదే, దానికి కంగారు పడనక్కరలేదు.

మన ఇళ్ళలో లోపలి వైపు అందడమే పెద్ద సమస్య. యూపీవీసీ, అల్యూమినియం స్లైడింగ్ కిటికీలైతే గ్రిల్లు బయట ఉంటుంది కాబట్టి గదిలో నిలబడే పని పూర్తి చేయవచ్చు. పాత పద్ధతి చెక్క కిటికీల్లో మాత్రం గ్రిల్లు చట్రానికే బిగించి, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. రెక్క మూసినప్పుడు అద్దానికీ మనకూ మధ్య గ్రిల్లు అడ్డం, తెరిచినప్పుడు రెక్క చేతికి అందదు. ఇలాంటి చోట గ్రిల్లు సందుల్లోంచి చేతులు పెట్టి సాగదీయడం కంటే వడ్రంగి చేత బందుల స్క్రూలు విప్పించి, రెక్కను బల్ల మీద పడుకోబెట్టి అతికించి తిరిగి బిగించుకోవడం సుఖం. మేడ మీది కిటికీ రెక్కల్ని, స్లైడింగ్ రెక్కల్ని సైతం, ఒక్కరే ఊడదీసే సాహసం చేయకూడదు. కింద వీధిలో మనుషులు నడుస్తుంటారు. వెంటిలేటర్‌లో లూవర్ పలకలైతే (వాలుగా వరసగా అమర్చిన అద్దం పట్టీలు) ఒక్కొక్కటీ జారదీసి, బల్ల మీద అతికించి, అంచు వెంట కోసి మళ్ళీ పెట్టుకోవచ్చు. అన్నిటికంటే తేలిక అదే.

రెండు పొరల మధ్య గాలి బిగించిన డబుల్ గ్లేజింగ్ అద్దాలకూ, లోపల ఇనుపతీగ ఉన్న వైర్డ్ గ్లాసుకూ ఫిల్మ్ వేయదలిస్తే కిటికీ చేసినవారిని ముందు అడగాలి. ఫిల్మ్ ఎండను కొంత పీల్చుకొని అద్దాన్ని వేడెక్కిస్తుంది; చట్రంలో దాగిన అంచు చల్లగా, మధ్యభాగం వేడిగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి అద్దం చిట్లే ప్రమాదం ఉంది. ముదురు రంగు ఫిల్ములతో పోలిస్తే తెల్లని మ్యాట్ ఫిల్మ్‌తో ఈ భయం తక్కువే గాని, వారంటీ ఉన్న అద్దం విషయంలో అడగకుండా చేయకపోవడమే మంచిది.

నీళ్ళు, సబ్బు, వేళ

బోరు నీళ్ళు ఈ పనికి పనికిరావు. గిన్నెల మీద తెల్లని పొర కట్టించే ఆ లవణాలే ఫిల్మ్ లోపల ఆరిపోయి మరకలుగా నిలుస్తాయి, వాటిని బయటినుంచి తుడవడానికి దారి ఉండదు. తాగడానికి వాడే ఆర్‌ఓ నీళ్ళు రెండు లీటర్లు పక్కన పెట్టుకుంటే రెండు రెక్కల కిటికీకి సరిపోతాయి. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే వృథా నీటిని చాలా ఇళ్ళలో బకెట్లో పట్టి వాడుకుంటారు. దానిలో లవణాలు మామూలు నీటికన్నా ఎక్కువ కాబట్టి నేల తుడవడానికి ఫరవాలేదు గాని దీనికి వద్దు. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు ఉండవు నిజమే, అయితే అది లోపలి దుమ్మునంతా కడుక్కొని వస్తుంది.

లీటరు నీటికి పసిపిల్లల షాంపూ గాని, గిన్నెలు తోమే ద్రవం గాని ఐదు నుంచి పది చుక్కలు చాలు. ఎంత ఎక్కువ కలిపినా పావు టీస్పూను దాటకూడదు. సబ్బు చేసే పని నీటిని అద్దం మీద చుక్కలుగా విడిపోకుండా పలుచగా పరచడం, ఫిల్మ్ జారేలా చేయడం. అంతకు మించితే అది జిగురుకూ అద్దానికీ మధ్య పొరగా మిగిలి, కొన్ని వారాల తరువాత అంచులు లేవడానికి కారణమవుతుంది. తడిసిన వేళ్ళతో అద్దాన్ని రుద్దితే జారాలి గాని నురగ రాకూడదు, ఆ పాళ్ళు కుదిరినట్టు గుర్తు. కండిషనర్ కలిసిన షాంపూలూ, చేతులు మెత్తబడడానికి ఏదో కలిపామని చెప్పే ద్రవాలూ జిడ్డు వదులుతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టాలి. స్ప్రే బాటిల్‌లో పోశాక దాన్ని గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పి కలపాలి.

వేళ కూడా ముఖ్యమే. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం ఎండ పడుతున్న అద్దం మీద చల్లిన నీళ్ళు, ఫిల్మ్ కాగితం ఊడదీసే లోపే ఆరిపోతాయి. నీళ్ళు ఆరిన చోట జిగురు పట్టేసుకుంటుంది, అక్కడినుంచి ఇక జరపడం కుదరదు. తూర్పు కిటికీలకు సాయంత్రం, పడమటి కిటికీలకు ఉదయం అనుకూలం. పని జరిగినంతసేపు సీలింగ్ ఫ్యాను ఆపివేయాలి, లేకపోతే గదిలోని దుమ్మంతా జిగురు మీదికి చేరుతుంది. గది ఊడ్చడం కూడా పనికి గంట ముందే ముగించి దుమ్ము అణిగే వ్యవధి ఇవ్వాలి.

అద్దం శుభ్రం చేయడం

మొత్తం పనికి పట్టే సమయంలో సగం దీనికి కేటాయించవలసి ఉంటుంది. మామూలుగా చూస్తే మెరిసిపోతున్న అద్దం మీద కూడా సున్నం చుక్కలు, పెయింటు తుంపర, దోమలు పెట్టిన మచ్చలు, పాత స్టిక్కర్ల జిగురు ఉంటాయి. ఫిల్మ్ కింద ఇసుకరేణువంత మచ్చ ఉన్నా దాని చుట్టూ గుడారంలా పైకి లేచి, వెలుతురులో చిన్న ఉంగరంలా కనిపిస్తుంది.

మొదట మామూలు సబ్బు నీళ్ళతో అద్దాన్నీ చట్రాన్నీ కడిగి, స్లైడింగ్ కిటికీ అయితే కింది ట్రాక్‌లో పేరుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీసివేయాలి. పై నుంచి కారిన నీళ్ళు ఆ మట్టిని తడిపి, గుడ్డ ద్వారా మళ్ళీ అద్దానికే చేరుస్తాయి. తరువాత అద్దాన్ని బాగా తడిపి, కొత్త బ్లేడు పెట్టిన గ్లాస్ స్క్రేపర్‌ను ఏటవాలుగా ఆనించి ఒకే దిశలో ముందుకు తోయాలి, వెనక్కి లాగకూడదు. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కిన రేణువు అద్దాన్ని గీస్తుంది. సిమెంటు చుక్కలు ఉన్న కొత్త ఫ్లాట్ అయితే తడిగుడ్డ పది నిమిషాలు అతికించి నానబెట్టి, అవి మెత్తబడ్డాకే గీకాలి. మూలన టఫెన్డ్ అని ముద్ర ఉన్న అద్దాల మీద స్క్రేపర్ తొందరగా గీతలు పెట్టవచ్చు, కాబట్టి అక్కడ ఒక మూలలో పరీక్షించి చూసి, అనుమానం ఉంటే గుడ్డతోనే సరిపెట్టుకోవాలి. పాత జిగురుకు, వేళ్ళ జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డ బాగా పనిచేస్తుంది. మంటకు దూరంగా, కిటికీ తెరిచి ఉంచి వాడాలి.

గీకడం అయ్యాక అరచేతిని తడి అద్దం మీద మెల్లగా జరిపితే కంటికి కనిపించని రేణువులు కూడా తగులుతాయి. కంటికన్నా చేతిని నమ్మడం మంచిది. చివరగా అద్దం మీద స్ప్రే నీళ్ళు చల్లి, స్క్వీజీతో (నీటిని తోసివేసే పట్టీ) పై నుంచి కిందికి లాగి, అంచుల రబ్బరు వెంట పోగులు రాలని గుడ్డను వేలికి చుట్టి తుడవాలి. టర్కీ తువ్వాళ్ళు, న్యూస్‌పేపరు ఈ చివరి తుడుపుకు వాడకూడదు. పోగులూ సిరామరకలూ వదిలిపెడతాయి. చెక్క రెక్కల్లో బీడింగు పక్కన పొడిబారిన లప్పం రాలుతూ ఉంటే, దాన్ని ముందే సరిచేసి ఆరనివ్వాలి. లేకపోతే స్క్వీజీ నొక్కినప్పుడల్లా తెల్లని పొడి ఫిల్మ్ కిందికి వస్తూనే ఉంటుంది.

కాగితం ఊడదీసి అద్దానికి చేర్చడం

పెద్ద ముక్కకు ఇద్దరు మనుషులు కావాలి. కింద పాత తువ్వాళ్ళు పరవాలి, సబ్బు నీళ్ళు పడ్డ టైల్స్ మీద కాలు జారడం ఖాయం. స్టూలు ఎక్కవలసి వస్తే దాని కాళ్ళ కింద కూడా తడి లేకుండా చూసుకోవాలి.

ఫిల్మ్ మూలన వెనుకా ముందూ రెండు చిన్న టేపు ముక్కలు అంటించి, వాటిని ఒకదానినుంచి ఒకటి వెనక్కి లాగితే కాగితం ఫిల్మ్ నుంచి విడిపోతుంది. గోళ్ళతో గిల్లితే మూల నలిగిపోతుంది. ఈలోగా అద్దం మీద పై నుంచి కింది దాకా, అంచుల్లో మరింత ఎక్కువగా, నీళ్ళు ధారలుగా కారేంత చల్లి ఉంచాలి. చేతివేళ్ళు కూడా తడుపుకోవాలి, పొడి వేలు జిగురుకు తగిలితే వేలిముద్ర అలాగే నిలిచిపోయి తరువాత కనిపిస్తుంది. ఒకరు పై మూలలు రెండూ పట్టుకొని ఫిల్మ్‌ను నిలువుగా వేలాడదీస్తే, రెండోవారు కాగితాన్ని నెమ్మదిగా కిందికి లాగుతూ, బయటపడిన జిగురు మీద వెంటవెంటనే నీళ్ళు చల్లుతూ పోవాలి. ఫిల్మ్ తన మీద తాను పడి జిగురుకు జిగురు అంటుకుంటే, కంగారులో గుంజకుండా, ఆ మడతలోకి బాగా నీళ్ళు చల్లి మెల్లగా విడదీయాలి.

తడిసిన ఫిల్మ్‌ను పై అంచు నుంచి అద్దానికి ఆనించి కిందికి వదలాలి. అదనంగా ఉంచిన ఒకటిన్నర సెంటీమీటరు నాలుగు వైపులా చట్రం మీదికి సమానంగా వచ్చేలా అరచేతులతో జరుపుకోవాలి. ఎక్కడైనా జరగనని మొరాయిస్తే బలవంతంగా తోయకూడదు. ఆ మూల ఎత్తి లోపలికి మళ్ళీ నీళ్ళు చల్లితే జారుతుంది. వినైల్ సాగుతుంది కాబట్టి తోసి కుదిర్చిన ముక్క తరువాత తిరిగి ముడుచుకొని అంచుల్లో ఖాళీ చూపిస్తుంది.

నీళ్ళు బయటికి తీయడం

ఇప్పుడు ఫిల్మ్ పైముఖం మీద కూడా నీళ్ళు చల్లాలి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు గాని, మ్యాట్ ఫిల్మ్‌కు ఇది మరీ అవసరం. పొడి మ్యాట్ ఉపరితలం మీద గట్టి ప్లాస్టిక్ స్క్వీజీని రాపిడి చేస్తే ఆ గరుకు నునుపెక్కి, రాసిన చోటల్లా మెరిసే చారలు శాశ్వతంగా పడతాయి. అంచుకు ఫెల్ట్ గుడ్డ ఉన్న స్క్వీజీ దొరికితే ఉత్తమం. లేకపోతే గట్టి ప్లాస్టిక్ కార్డుకు పలుచని కాటన్ గుడ్డ బిగువుగా చుట్టినా పని జరుగుతుంది.

మొదటి గీత పై భాగంలో మధ్యనుంచి కుడికి, మళ్ళీ మధ్యనుంచి ఎడమకు వేయాలి, మెల్లని ఒత్తిడితో. దీనితో ఫిల్మ్ పైన కుదురుకుంటుంది, జారదు. ఆ తరువాత మధ్యలో నిలువుగా ఒక గీత కింది దాకా లాగి, దానినుంచి రెండు పక్కలకూ, ప్రతి గీతా ముందు గీత మీద కొంత పడేలా కిందికి దిగుతూ రావాలి. ఎప్పుడూ మధ్యనుంచి అంచుకే పోవాలి. అంచునుంచి మధ్యకు వచ్చిన ప్రతిసారీ నీళ్ళను లోపల బంధించినట్టే అవుతుంది. స్క్వీజీని సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పట్టుకుంటే దాని ముందు ఒక నీటి అల లేచి అంచువైపు పరుగెత్తడం ఫిల్మ్ కింద స్పష్టంగా కనిపిస్తుంది. అల కనిపించనంత వరకు ఒత్తిడి సరిపోలేదని అర్థం. స్క్వీజీ ముందు ఫిల్మ్ వేలులా ఉబ్బి ముడత పడబోతే అక్కడే ఆగి, ఆ వైపు అంచు దాకా ఫిల్మ్ ఎత్తి, నీళ్ళు చల్లి మళ్ళీ పరవాలి. ముడత మీదుగా నొక్కుకుంటూ పోతే అది మడతగా మారుతుంది, ఇక ఆ ముక్క మార్చవలసిందే.

ఇది మొదటి విడత మాత్రమే. దీని తరువాత అంచులు కోసి, కోసిన వెంటనే పైన మళ్ళీ తడిపి, ఈసారి రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ రెండో విడత లాగాలి. ప్రతి గీత చివరా అంచు దగ్గర పొడిగుడ్డ పట్టుకొని బయటికి వచ్చిన నీటిని పీల్చివేయాలి. తుడవకపోతే ఆ నీళ్ళే స్క్వీజీ ఎత్తగానే రబ్బరు సందునుంచి వెనక్కి ఫిల్మ్ కిందికి పాకుతాయి. అంచుల చుట్టూ చివరి రెండు సెంటీమీటర్లు స్క్వీజీ మీద గుడ్డ చుట్టి మూడోసారి కూడా నొక్కడం మంచిది. లేచిపోయేది ఎప్పుడూ అక్కడే.

అంచులు కోయడం

కట్టర్‌లో వాడిన బ్లేడు ముక్కను విరిచి, ప్రతి రెక్కకూ కొత్త ముక్క వాడాలి. తడిసిన వినైల్‌ను మొద్దుబారిన బ్లేడు కోయదు, లాగి చింపుతుంది. మొదట ప్లాస్టిక్ కార్డు అంచుతో అద్దం, రబ్బరు కలిసే మూల వెంట ఫిల్మ్‌ను నొక్కి గీత తేవాలి. నాలుగు మూలల్లోనూ చట్రం మీదికి వచ్చిన అదనపు ఫిల్మ్‌ను ఏటవాలుగా చీలిస్తే అది బిగువు వదిలి చదునుగా పడుకుంటుంది. తరువాత రెండు మిల్లీమీటర్ల మందమున్న స్టీలు స్కేలును గాని, గట్టి ప్లాస్టిక్ పట్టీని గాని దాని ఒక ముఖం రబ్బరుకు తగిలేలా నిలబెట్టి ఆనించి, దాని ఇవతలి ముఖం వెంట బ్లేడును ఒకే ఊపులో లాగాలి. దీనితో ఫిల్మ్‌కూ రబ్బరుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ అంతటా సమానంగా మిగులుతుంది.

ఆ ఖాళీ ఎందుకని అడిగేవారు ఉన్నారు, పూర్తిగా కప్పితేనే అందమనీ అంటారు. కాని రెండో విడతలో నీళ్ళు బయటికి పోవలసిన దారి అదే. పైగా రబ్బరు మీదికి కొంచెమైనా ఎక్కిన ఫిల్మ్ అద్దానికి పట్టకుండా అక్కడినుంచే ఊడడం మొదలుపెడుతుంది. ఖాళీ సన్నని గీతలా దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనబడదు. బ్లేడు మీద బరువు వేయకూడదు. ఫిల్మ్ తెగితే చాలు, అద్దం మీద గీత పడకూడదు. అద్దంలో గీత పడిన చోటే తరువాత చిట్లడానికి బలహీనమైన చోటు.

రోల్ వెడల్పును మించిన అద్దమైతే రెండు ముక్కలు వేయక తప్పదు. వాటిని ఒకదాని మీద ఒకటి రెండు సెంటీమీటర్లు వచ్చేలా పరిచి, నీళ్ళు చాలావరకు తీశాక, ఆ భాగం మధ్యలో స్కేలు పెట్టి రెండు పొరలనూ ఒకే కోతతో కోయాలి. పైనున్న సన్నపట్టీని తీసి, అంచును కొద్దిగా ఎత్తి కింది పట్టీని కూడా లాగివేసి, మళ్ళీ నీళ్ళు చల్లి నొక్కితే రెండు అంచులూ సరిగ్గా కలుస్తాయి. కోయకుండా ఒకదాని మీద ఒకటి వదిలేస్తే అక్కడ వెలుతురు తగ్గి పగలు ముదురు పట్టీలా కనబడుతుంది.

మిగిలిన మసక, బుడగలు

పని పూర్తయిన సాయంత్రం ఫిల్మ్ మచ్చలు మచ్చలుగా, కొన్ని చోట్ల పాలు కలిసినట్టు కనబడడం సహజం. లోపల పలుచగా మిగిలిన తేమ అంచుల నుంచీ, కొంత వినైల్ గుండా కూడా నెమ్మదిగా ఆరిపోతుంది. ఎండ తగిలే కిటికీలో కొద్ది రోజుల్లో, వానాకాలంలో ఉత్తరం వైపు కిటికీలో కొన్ని వారాల్లో అది సర్దుకుంటుంది. నీటి బుడగ వేలితో నొక్కితే మెత్తగా అటూ ఇటూ కదులుతుంది. చిన్నదైతే వదిలేయాలి, రూపాయి బిళ్ళంత ఉంటే ఆ రోజే స్క్వీజీతో అంచుకు నడిపించాలి. గాలి బుడగ కదలదు, దానంతట అది పోదు. సన్నని సూదితో బుడగ అంచున ఒక పోటు పొడిచి, గుడ్డ చుట్టిన వేలితో పోటు వైపు నొక్కితే సరిపోతుంది, మ్యాట్ ఉపరితలం మీద ఆ రంధ్రం కనిపించదు. లోపల వెంట్రుక గాని దుమ్ము గాని కనబడితే మొదటి అరగంటలోపే ఆ అంచునుంచి ఎత్తి, నీళ్ళు చల్లి, టేపు ముక్క జిగురు వైపుతో దాన్ని అంటించి తీసి మళ్ళీ పరవవచ్చు. మరునాడు ఆ పని చేయబోతే ఫిల్మ్ సాగి పాడవుతుంది.

స్నానాలగదిలో అతికించినట్టయితే ఒకటి రెండు రోజులు ఆ గదిలో వేడినీళ్ళ స్నానం మానుకొని, తలుపు తెరిచి ఉంచాలి. స్లైడింగ్ రెక్కల్ని కూడా ఆ రెండు రోజులూ గట్టిగా జరపకుండా ఉండడం మంచిది, రెక్క అంచు తగిలి ఇంకా పట్టని ఫిల్మ్ మూల లేచే ప్రమాదం ఉంది.

వాడకం, తీసివేయడం

అతికించిన నెలరోజుల వరకు ఫిల్మ్‌ను కడగకూడదు. ఆ తరువాత మెత్తని గుడ్డ, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్ళు చాలు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు, గిన్నెల పీచు, రాపిడి పౌడర్లు దగ్గరికి రానీయకూడదు. వంటగది కిటికీ మీద మాత్రం పోపు పొగ జిడ్డు ఈ గరుకు ఉపరితలంలోకి ఇంకి పసుపు ఛాయ తెస్తుంది. పొయ్యికి ఎదురుగా ఉన్న అద్దానికి మ్యాట్ ఫిల్మ్ కన్నా పలుచని కర్టెనే నా సలహా, దాన్ని ఉతుక్కోవచ్చు.

ఎప్పుడైనా తీసివేయవలసి వస్తే హెయిర్ డ్రయర్ గాలిని ఒకే చోట నిలపకుండా తిప్పుతూ మూలను గోరువెచ్చగా చేసి, ఫిల్మ్‌ను దాని మీదికే వెనక్కి మడిచినట్టు పట్టుకొని నెమ్మదిగా లాగాలి. చల్లని అద్దం మీద ఒక్కసారిగా వేడి పోస్తే అద్దమే పగలవచ్చు. జిగురు మిగిలిన చోట కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో గీకి, ఆ జిడ్డును సబ్బు నీళ్ళతో ఒకసారి, ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచివేయాలి. అదే అద్దానికి కొత్త ఫిల్మ్ వేయదలిస్తే నూనె జాడ పూర్తిగా పోయిందో లేదో నీళ్ళు చల్లి చూడాలి. నీరు ఎక్కడైనా ముత్యాలుగా విడిపోతే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టే, ఆ చోటు మళ్ళీ తుడవాలి.